పదో తరగతికి పరిణామ పాఠం కావాలి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కోనసీమ ఉన్నత పాఠశాలల్లో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి 2023లో పదో తరగతి సైన్సు పుస్తకం నుంచి జీవపరిణామ భాగాన్ని తీసేసింది. ఆ లోటును మన రాష్ట్రమే పూడ్చుకోవాలని కోరుతున్నాను. ఓ పది పేజీల అనుబంధ పాఠాన్ని తెలుగులో వేయించండి. అందులో ఉదాహరణలు గోదావరి డెల్టావే పెట్టించండి.

‘పైతరగతుల్లో ఎలాగూ ఉంది కదా’ అని మీ అధికారులు అనవచ్చు. ఉంది, బైపీసీ తీసుకున్న వాళ్లకు. మన జిల్లాల్లో ఇంటర్ అంటే ఎంపీసీయే అనుకునే ఇళ్లు ఎన్నో మీకు తెలియనిది కాదు. పాలిటెక్నిక్‌కో ఐటీఐకో వెళ్లే పిల్లల సంగతీ అంతే. ఒకే మూలం నుంచి ఇన్ని జాతులు ఎలా చీలి వచ్చాయో ఒక్కసారైనా వినకుండానే వాళ్లు జీవశాస్త్రం వదిలేస్తారు.

ఈ పాఠానికి పసిఫిక్ సముద్రంలోని గాలాపగోస్ దీవుల ఫించ్ పిట్టలను ఉదాహరణగా చెప్పడం ఆనవాయితీ. మంచి ఉదాహరణే, కాదనను. దక్షిణ అమెరికా నుంచి వచ్చిపడిన ఒక పిట్ట సంతతి, దొరికిన తిండిని బట్టి విడిపోయి పదిహేను పైచిలుకు జాతులైంది. శాస్త్రవేత్తలైన పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఏళ్ల తరబడి అక్కడి డాఫ్నీ మేజర్ దీవిలో ఆ పిట్టల ముక్కులు కొలిచారు. 1977 కరువులో చిన్న గింజలు అయిపోయి, మన పల్లేరుకు దగ్గరి చుట్టమైన మొక్క గట్టి కాయలు మిగిలాయి. వాటిని పగలగొట్టగల మందపాటి ముక్కు పిట్టలే ఎక్కువగా బతికి బయటపడ్డాయి. తర్వాతి తరంలో ముక్కు సగటు మందం పెరిగింది. పల్లేరు ముల్లు గుచ్చుకోని పిల్లవాడు మన పల్లెల్లో ఉండడు. ఆ కాయల ప్రస్తావన ఒక్కటి పాఠంలో ఉంటే చాలు, పసిఫిక్ దీవి కథ వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది.

ఇక మన కోరింగ. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ మడ అడవి కాకినాడకు దగ్గరలోనే ఉంది. సముద్రపు నీరు వెనక్కి తగ్గే పాటు వేళ పాయ ఒడ్డున నిలబడితే బురద మీద గెంతే చేపలు కనిపిస్తాయి. నీటి అంచున, మెత్తటి తడి బురదలో ఉండేది ఒక రకం. ఒంటి మీద నీలి చుక్కలుంటాయి. తల అటూ ఇటూ తిప్పుతూ బురద పైపొరలోని సూక్ష్మ నాచును గీరి తింటుంది. దానికంటే చిన్నదైన మరో రకం గట్టెక్కి మడ వేళ్ల దాకా వచ్చి, చిన్న పీతలను, పురుగులను వేటాడుతుంది. రెండూ గోబీ చేపల వంశానివే. రెండూ మొప్పల్లో నీళ్లు నిలుపుకుని, తడి చర్మంతోనూ గాలి పీల్చుకుంటాయి. ఈ డెల్టా ఏర్పడక చాలా ముందే వాటి దారులు వేరయ్యాయి. అందుకే ఒకే బురదలో ఉన్నా తిండికి పోటీ పడవు.

మడ చెట్లూ అంతే. తెల్లమడ, నల్లమడ, విలవమడ దగ్గరి చుట్టాలు. విలవమడ కాయ మిరపకాయలా సన్నగా, కోసుగా ఉంటుంది. తెల్లమడ కాయ గుండ్రంగా ఉంటుంది. విలవమడ కొత్తగా పడిన మేటల మీద ముందుగా లేస్తుంది. నల్లమడకు ఉప్పు కాస్త తక్కువున్న చోటు నచ్చుతుంది. తెల్లమడ అధిక ఉప్పునూ తట్టుకుంటుంది. పక్కనే పెరిగే తిల్ల, ఉప్పు పొన్న మాత్రం వేరే కుటుంబాలవి, ఉప్పు బురదకు విడివిడిగా అలవాటు పడినవి. ఒకే చోట ఉన్నవన్నీ ఒకే తల్లి బిడ్డలు కావన్న మెలకువ కూడా పిల్లలకు ఇక్కడే చెప్పవచ్చు.

గోదావరి ఎదురెక్కిన ఇలస పులస అవుతుంది కదా, మరి అది కొత్త జాతేనా అని పిల్లలు తప్పకుండా అడుగుతారు. నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న అది. పులస గుడ్లు పెట్టడానికి ఏటికి వచ్చిన అదే చేప. రెండు గుంపులు తరాల తరబడి ఒకదానితో ఒకటి జతకట్టక, వారసత్వంగా వచ్చే తేడాలు పేరుకుంటేనే వేరే జాతి అవుతుంది. ఈ ప్రశ్నను అభ్యాసంలో మొదటిదిగా పెట్టించండి.

పాఠంతో పాటు కోరింగకు ఒక రోజు బస్సు కూడా మంజూరు చేయండి. తేదీని మాత్రం పోటుపాట్ల పట్టిక చూసి నిర్ణయించమనండి. పోటు మీద వెళితే ఆ బురదంతా నీళ్ల కింద ఉంటుంది, పిల్లలు చెక్కబాట మీద ఫొటోలు దిగి వచ్చేస్తారు.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
కోనసీమ