కార్పెట్ బిల్లు కట్టేముందు పోగు కాల్చి చూడండి

అయ్యా,

పోయిన వారం జిల్లా పేజీలో మన సభల హాలు కార్పెట్ మీద మీరు వేసిన వార్తకు ఈ ఉత్తరం. నడిచే దారంతా ఏడాది తిరక్కముందే అణిగిపోయిందని, కుర్చీలు ఈడ్చినచోట మెరిసే గీతలు పడ్డాయని, దుర్వాసన వస్తోందని రాశారు. జనం చెప్పులతో తిరగడం వల్లేనని అధికారుల సంజాయిషీ. సభల కోసం కట్టిన హాల్లోకి జనం ఎగిరి రావాలి కాబోలు!

అసలు గుట్టు ఆ మెరిసే గీతల్లోనే ఉంది. అవి పడ్డాయంటే పోగు దాదాపు ఖాయంగా పాలీప్రొపైలీన్ అనే చవక ప్లాస్టిక్కే. 165 డిగ్రీల దగ్గర కరిగిపోయే రకం. ఇనుప కుర్చీని బరబరా ఈడిస్తే ఆ రాపిడి వేడికే మెత్తబడి అతుక్కుపోతుంది. ఒకసారి అణిగిందా, ఇక లేవదు. నీళ్లు పీల్చదు, రంగు వెలవదు, నిజమే. కానీ జిడ్డును వదలదు. కర్నూల్లో ఉగ్గాని బజ్జీ లేకుండా సభ ఎక్కడైనా జరిగిందా?

పాలిస్టర్ మెత్తన, మరక పట్టదు, పడగ్గదికి చాలు. జనం తొక్కే చోట అదీ అణుగుతుంది. నైలాన్ తొక్కినా మళ్లీ లేస్తుంది, అయితే మరకలు పట్టకుండా పూత ఉన్నదే కొనాలి. ఉన్ని అన్నిటికన్నా మేలైనది, నిప్పురవ్వ పడినా మంట పాకదు. కాకపోతే పురుగు పడుతుంది, బ్లీచింగ్ ద్రావణం తగిలితే పోగే కరిగిపోతుంది. మన పారిశుద్ధ్య సిబ్బందికి ఇచ్చేది బ్లీచింగ్, ఫినాయిల్ మాత్రమే కాబట్టి ఉన్ని జోలికి పోకపోవడమే మంచిది.

పోగు రకం తేలినంత మాత్రాన సరిపోదు. సరఫరాదారు కాగితంలో చూపించే గ్రాములు మొత్తం కార్పెట్ బరువు. అందులో సగానికి సగం అడుగున పూసిన లేటెక్స్ అనే రబ్బరు జిగురు, దాంట్లో కలిపిన సున్నపురాయి పొడి కావచ్చు. అడగాల్సింది పైపోగు బరువు. సభా మందిరానికైతే పొట్టి లూపు (పోగు కొసలు కత్తిరించకుండా ఉంగరాల్లా ఉంచిన) నైలాన్, పైపోగు చదరపు మీటరుకు 700 గ్రాములకు తగ్గకూడదు. ముక్కను వెనక్కి మడిచినప్పుడు అడుగు బట్ట కనబడితే నేత పలుచన. కత్తిరించిన పోగైతే కొసలు చూడాలి, పురి విడిపోతుంటే నాలుగు నెలల ముచ్చటే. ఇక బకెట్లతో నీళ్లు కొట్టి, ఆరబెట్టకుండా వదిలేస్తే లేటెక్స్ పొడిపొడిగా రాలి, అడుగు పొర ఊడి, కంపు కొడుతుంది. మీ వార్తలో ‘దుర్వాసన’ అన్నది అదే అయ్యుంటుంది.

పరీక్షకు ప్రయోగశాల అక్కర్లేదు. ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని, కార్పెట్‌కు దూరంగా కాల్చండి. వెంట్రుకలు కాలిన వాసన, నలిపితే పొడయ్యే బూడిద వస్తే ఉన్ని. కాగితం కాలిన వాసనైతే నూలో, చెక్క గుజ్జుతో చేసే విస్కోసో. కరిగి గట్టి ఉండ కడితే సింథటిక్. అప్పుడు ఇంకో పోగును సబ్బు చుక్క కలిపిన నీళ్లలో బుడగలు పోయేలా ముంచి వదలండి. తేలితే పాలీప్రొపైలీన్, మునిగితే నైలాన్ లేదా పాలిస్టర్. ఐదు నిమిషాల పని. దానికీ తీరిక లేదు గానీ, ప్రారంభోత్సవం రోజు రిబ్బను పట్టుకోవడానికి అరడజను మంది దొరుకుతారు.

టెండరులో ‘మంచి నాణ్యత గల నీలం కార్పెట్’ అని రాస్తే వచ్చేది నీలం మాత్రమే. తక్కువ కోట్ చేసినవాడికి పని, టేపుతో పొడవు వెడల్పులు కొలిచి ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) రాస్తే బిల్లు. పార్కు బెంచీలకూ, బస్‌షెల్టరు రేకులకూ ఇదే వరస. రాసేవాడికి సరుకు తెలియదు, తెలిసినవాడిని అడగరు.

మళ్లీ టెండరు పిలుస్తారట. ఈసారి పోగు రకం, పైపోగు బరువు, అడుగు పొర వివరాలు రాయండి. ఒక చదరపు అడుగు కార్పెట్ నమూనాకు సీలు వేసి ఆఫీసులో ఉంచి, వచ్చిన సరుకును దానితో సరిచూశాకే బిల్లు పాస్ చేయండి. నడిచే దారికైతే కార్పెట్టే వద్దు, పక్కనే బేతంచెర్ల బండలున్నాయి. ప్రతిధ్వని తగ్గడానికి కుర్చీల కింద, వేదిక మీద కార్పెట్ పరిస్తే చాలు. ఒక వాక్యూమ్ క్లీనరు కూడా కొనండి. చీపురు పైదుమ్మునే తీస్తుంది, పోగుల మొదట్లో మిగిలిన ఇసుక వాటిని కోసేస్తూనే ఉంటుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, కర్నూలు