అమ్మ నన్ను అట్టు చేసిందా?

పర్లాకిమిడి,
ఆదివారం సాయంత్రం.

ప్రియమైన బావకు,

నీ రెండు ఉత్తరాలకూ కలిపి ఇది ఒక్కటే జవాబు. మొదటిదానికి ఆలస్యమైందని క్షమాపణ రాద్దామనుకుంటూ ఉండగానే రెండోది వచ్చింది. ఆ తరువాత సిగ్గేసి నెలన్నర రోజులు అసలు కలమే పట్టలేదు. కారణాలు చెప్పబోతే నువ్వు "ఐదో పెట్టె" అని ఒక్క మాటతో నా నోరు మూయిస్తావు కనుక చెప్పను. అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గింది, వంటింటి మీద పెంకులు మార్పించాము, మహేంద్రతనయ నది ఈసారి ఒడ్డు దాటలేదు, పాతపట్నం అత్తయ్య నిన్ను అడిగింది. ఇంటి కబుర్లు ఇంతే. అసలు సంగతి ఇప్పుడే చెప్పకపోతే నాకు ఈ రాత్రి కూడా నిద్ర పట్టదు.

మా అరుగు మీద సాయంత్రం పూట తొమ్మిదో తరగతి పిల్లలు పదకొండు మంది ఇంగ్లీషు చెప్పించుకోవడానికి వస్తున్నారని ఇదివరకే రాశాను. వాళ్ళకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషు. కొండ మీది నుంచి వచ్చి బంధువుల ఇంట్లో ఉంటున్న ఇద్దరు సవర పిల్లలకైతే ఇది నాలుగో భాష. వీళ్ళకు వాక్యనిర్మాణం చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను మన మాస్టారు సుద్దముక్కతో గీసిన ఆ ఐదు పెట్టెలనే గీస్తాను. ఎస్ అంటే కర్త, వి అంటే క్రియ, ఓ అంటే కర్మ (ఆబ్జెక్టు), సి అంటే కాంప్లిమెంట్. ఎస్ వి ఒకటి, ఎస్ వి సి ఒకటి, ఎస్ వి ఓ ఒకటి, ఎస్ వి ఓ ఓ ఒకటి, చివరిది ఎస్ వి ఓ సి. కర్తా క్రియా మాత్రమే ఉంటే మొదటి పెట్టె. కర్త ఎవరో, ఎలాంటివాడో చెప్పే మాట వస్తే రెండోది. కర్మ వస్తే మూడోది. ఇవ్వడం, పంపడం, చూపించడం వంటి క్రియలతో ఇద్దరు ఆబ్జెక్టులు పక్కపక్కన కూర్చుంటే నాలుగోది. ఆబ్జెక్టు ఏమైందో, ఎలా తయారైందో చెప్పే కాంప్లిమెంట్ తోకలాగా వస్తే ఐదోది. ఆ ఐదో పెట్టెలో నువ్వు రాసిన కప్ప వాక్యం గుర్తు చేసుకుని నేను ఇప్పటికీ పాఠం మధ్యలో నవ్వుతాను, పిల్లలు ఎందుకో తెలియక నా మొహం చూస్తారు. ఆ కప్ప సంగతి మాత్రం వాళ్ళకు చెప్పలేదు, చెప్పను కూడా.

పోయిన మంగళవారం పది వాక్యాలతో ఒక చిన్న పరీక్ష పెట్టాను. వాక్యాలు సొంతంగా తయారు చేసినవి కావు. ఒక పాత గైడులోంచి ఎత్తినవి, జవాబులూ దానిలోవే. ఏడో వాక్యం "మై మదర్ మేడ్ మీ ఎ దోసా", ఎనిమిదోది "మై మదర్ మేడ్ మీ ఎ కుక్". గైడు రెండింటికీ ఎస్ వి ఓ ఓ అని ఇచ్చింది. నేను చూడకుండానే దిద్దాను. రెండు వాక్యాలూ అద్దంలో చూసుకున్నట్టు ఒకేలా ఉన్నాయి కదా, అనుమానం ఎందుకు వస్తుంది? పది మంది రెండు చోట్లా ఎస్ వి ఓ ఓ రాశారు, పదికి పది వేశాను. ఇడ్లీ బండి వాళ్ళమ్మాయి ఒక్కతే ఎనిమిదోదానికి ఎస్ వి ఓ సి అని రాసింది. ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టి, తొమ్మిది వేసి, పక్కన "శ్రద్ధ చాలదు" అని కూడా రాశాను. ఆ రెండు మాటలూ ఇప్పటికీ నన్ను గుచ్చుతున్నాయి.

మరునాడు ఆ పిల్ల అందరికంటే ముందు వచ్చి స్తంభం పక్కన నిలబడింది. చేతిలో అదే కాగితం. బండి దగ్గర పెట్టుకుని చదివినట్టుంది, మూలన నూనె మరక పడి సరిగ్గా నా ఎర్ర గీత దాకా పాకింది. ఏమిటమ్మా అని అడిగాను. తల దించుకునే అంది: "మాస్టారూ, అమ్మ నాకు అట్టేసింది గానీ నన్ను అట్టు సెయ్యలేదు కదండీ?"

నాకు ముందు నవ్వు వచ్చింది, తరువాత కోపం వచ్చింది. గైడులో అలాగే ఉంది, కూర్చో అన్నాను. ఆ పిల్ల కూర్చోలేదు. "ఏడోదాన్ని తెలుగులో సెప్తే 'నాకు' అనొచ్చిందండి, ఎనిమిదోదాన్ని సెప్తే 'నన్ను' అనొచ్చిందండి. అమ్మ నన్ను వంటమనిసిని సేసిందండి. రెండూ ఒకటెలాగవుతాయండీ?" అంది. ఆ చివరి వాక్యంలో కొంచెం ఇంటి బాధ కూడా కలిసి ఉందేమో, తెల్లవారుజామున పిండి రుబ్బి, చట్నీ చేసి, ఆ తరువాతే బడికి వెళ్ళే పిల్ల. దాని గురించి వేరే ఉత్తరం రాయాలి. ఇప్పుడు వ్యాకరణం వదిలితే మళ్ళీ దారిలోకి రాలేను.

ఆ రాత్రి దీపం ముందు కూర్చుని రెండు వాక్యాలనూ విప్పాను. "మేడ్ ఎ దోసా ఫర్ మీ" అంటే అర్థం చెడదు. "మేడ్ ఎ కుక్ ఫర్ మీ" అంటే అమ్మ నా కోసం ఒక వంటమనిషిని బొమ్మలాగా తయారు చేసి ఇచ్చినట్టవుతుంది. అలాగే చివరి రెండు మాటలనూ విడదీసి చిన్న వాక్యం కట్టి చూశాను. నేను వంటమనిషిని, ఇది నిలబడుతుంది. నేను అట్టును, ఇది నిలబడదు. మొదటిదానిలో ఇద్దరు వేరువేరు ఆసాములు, నేనూ అట్టూ. రెండోదానిలో ఉన్నది నేనొక్కణ్ణే, నాకు పెట్టిన పేరు మాత్రమే కొత్తది. ఇంగ్లీషు ఈ తేడాను పైకి కనబడనివ్వదు, రెంటికీ ఒకే చొక్కా తొడుగుతుంది. మన తెలుగు మాత్రం విభక్తితో పట్టించేస్తుంది. ఆ పిల్లకు ఎస్ వి ఓ సి అంటే ఏమిటో నాకంటే బాగా తెలిసిందని కాదు. తన మాటలో తేడా వినబడితే దానిని నమ్మింది, నేను గైడును నమ్మాను.

ఆరేళ్ళుగా అదే కాగితం పెడుతున్నాను, బావా. ఎంతమంది పిల్లలకు ఎనిమిదో ప్రశ్న దగ్గర... ఆ లెక్క మొదలుపెట్టి మానేశాను.

గురువారం అరుగు మీద అందరి ముందూ తప్పు నాదేనని చెప్పి, ఆ పిల్ల కాగితం మీద తొమ్మిది కొట్టేసి పది వేశాను. మిగతా పది మందీ తమకు ఒక మార్కు పోతుందేమోనని గగ్గోలు పెట్టారు, పోదని హామీ ఇచ్చిన తరువాతే పాఠం సాగింది. అప్పుడిక పిల్లలకు వేట మరిగింది. ప్రతి వాక్యాన్నీ తెలుగులో చెప్పి చూడడమే. "మై మదర్ ఈజ్ ఎ టీచర్" అన్నాను. మా అమ్మ టీచరు, క్రియే లేదు మాస్టారూ అన్నారు. "మై మదర్ ఈజ్ ఎట్ స్కూల్" అన్నాను. మా అమ్మ బడిలో ఉంది, క్రియ వచ్చేసింది అన్నారు. ఇంగ్లీషులో రెండు చోట్లా అదే "ఈజ్", మనకు ఒకచోట అక్కరలేదు, ఒకచోట తప్పనిసరి. నాకు ఒళ్ళు ఝల్లుమంది. మన మాస్టారు ఈ రెండో వాక్యాన్ని ఏ పెట్టెలో వేసేవారో గుర్తుందా? "అడ్వెర్బును, అంటే ఎక్కడ, ఎప్పుడు, ఎలా అని చెప్పే మాటను, తీసి పక్కన పెట్టండి, మిగిలింది ఎస్ వి" అనేవారు. తీసేస్తే మిగిలేది "మై మదర్ ఈజ్". అది వాక్యమా?

ఈ ఐదు పెట్టెలూ మన మాస్టారి సొంతం కావు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన ఆనియన్స్ 1904లోనే ప్రెడికేట్‌కు, అంటే వాక్యంలో కర్తను తీసేస్తే మిగిలే భాగానికి, ఐదు రూపాలని చెప్పాడు (ఆయన పేరు వింటే ఉల్లిపాయలు గుర్తొస్తాయి, పిల్లలకు చెబితే ఇక ఆ రోజు పాఠం సాగదు). జపానులో ఇంగ్లీషు బోధించిన హార్న్‌బీ 1954లో క్రియను బట్టి 25 నమూనాలు లెక్క వేశాడు. అన్ని పెట్టెలు మా అరుగు మీద పట్టవు. క్వర్క్ మరి ముగ్గురితో కలిసి 1985లో వెలువరించిన పెద్ద వ్యాకరణం ఏడు దగ్గర ఆగింది. మన ఐదుకూ ఆ ఏడుకూ తేడా అల్లా తీసివేయడానికి వీల్లేని అడ్వెర్బు ఉన్న రెండు నమూనాలే. మా అమ్మ బడిలో ఉంది, అది ఒకటి. "హి పుట్ ది బుక్ ఆన్ ది టేబుల్", అది రెండోది. ఈ రెండోదాని దగ్గర మాత్రం తెలుగు మమ్మల్ని ముంచింది. "పుస్తకం పెట్టాడు" అంటే మనకు ఏ లోటూ అనిపించదు, కానీ ఇంగ్లీషులో "హి పుట్ ది బుక్" అని ఆగితే వినేవాడు ఎక్కడ, ఎక్కడ అని ఎదురు చూస్తూనే ఉంటాడు. ఒక్క పిల్లకైనా ఆ కొరత వినబడలేదు, వాళ్ళ తప్పు కాదు.

"గా" అనే ప్రత్యయం కూడా అంతే దొంగది. ఆమె సంతోషంగా ఉంది అన్నప్పుడు అది కాంప్లిమెంటు, వాడు వేగంగా పరిగెత్తాడు అన్నప్పుడు అడ్వెర్బు. "వేగంగా" తీసేసినా వాడు పరిగెత్తుతూనే ఉంటాడు. "సంతోషంగా" తీసేస్తే ఆమె ఊరికే ఉంటుంది, అర్థమే మారిపోతుంది. తీసి చూడండి అని నేను అనడమే ఆలస్యం, పిల్లలు ప్రతి వాక్యంలోనూ ఏదో ఒకటి పీకడం మొదలుపెట్టారు. అన్నింటికంటే నన్ను ఇరుకున పెట్టింది తలుపు. "దే పెయింటెడ్ ది డోర్ గ్రీన్" అని రాయగానే ఇడ్లీ బండి పిల్ల చెయ్యెత్తి, "తలుపుకు ఆకుపచ్చ రంగేసినారు, 'కు' వచ్చింది కాబట్టి ఎస్ వి ఓ ఓ" అంది. తన సూత్రమే తనకు అడ్డం తిరిగింది. కానీ తలుపు ఆకుపచ్చగా అయింది కదా, కాబట్టి అది ఐదో పెట్టెకే వెళుతుంది. వాక్యాన్ని తెలుగులోకి తిప్పితే చాలదు, ఆ రెండు మాటల మధ్య సంబంధం ఏమిటో అడగాలి అని నేను చెప్పాను. ఆ పిల్ల కొంచెంసేపు ఆలోచించి, "అయితే నాకు మళ్ళీ తొమ్మిదేస్తారా?" అంది. నవ్వాపుకోలేకపోయాను.

ఇదంతా జరుగుతున్నది ఏ ఊళ్ళోనో గుర్తు చేసుకో. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో బడిపంతులుగా వచ్చింది ఈ పర్లాకిమిడికే. సవరల నోట విని సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం కట్టింది ఇక్కడి నుంచే. 1936లో ఊరు ఒడిశా వైపు వెళ్ళింది గానీ చెవితో వినే వ్యాకరణం ఊరు దాటిపోలేదేమో అని శుక్రవారం పొద్దున్న కొంచెం గర్వపడ్డాను. సాయంత్రానికి ఆ గర్వం దిగింది. సవర పిల్లవాడిని మీ భాషలో "అమ్మ నాకు అట్టేసింది" ఎలా అంటావని అడిగితే వాడు చెప్పాడు, నాకు ఒక్క ముక్క కూడా పట్టుబడలేదు. మళ్ళీ చెప్పమంటే సిగ్గుపడి పారిపోయాడు. రేపు బతిమాలాలి.

ఇంకొక్కటి, దీనికి నువ్వు జవాబు రాయాలి. నిన్న ఆ పిల్ల సొంతంగా ఒక వాక్యం తయారు చేసుకుని వచ్చింది: "ఐ ఫౌండ్ హిమ్ ఎ గుడ్ టీచర్". వాడికి మంచి మాస్టారిని వెతికి పెట్టాను అంటే నాలుగో పెట్టె, వాడు మంచి మాస్టారని గ్రహించాను అంటే ఐదో పెట్టె. రెండూ నిలబడుతున్నాయి, "నాకు-నన్ను" పరీక్ష పెట్టినా రెండూ నెగ్గుతున్నాయి. ఒకే వాక్యానికి రెండు పెట్టెలు ఉండవచ్చునని నేనంటే, పరీక్షలో ఒకటే రాయాలి కదండీ, ఏది రాయమంటారు అంది. ఏం చెప్పాలో తోచక బోర్డు తుడిచేశాను. బ్యాంకులో కూర్చుని అంకెలు సరిచూసే నీకు ఇది తేలుతుందేమో చూడు, పైగా ఆ వాక్యంలో "హిమ్" అంటే ఎవరని నేను అడిగితే ఆ పిల్ల నా వైపు చూసి

పిల్లలు వచ్చేశారు, కరెంటు కూడా పోయింది. మిగతాది వచ్చే ఉత్తరంలో.

నీ,
కప్ప సాక్షి