612ని 6తో భాగిస్తే

ఒరేయ్ శీనూ,

ఉత్తరం ఆలస్యమైందని తిట్టుకోకు. పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చుంటే రెండు ఆదివారాలు గడిచిపోయాయి. మా బడి ఎలా నడుస్తోందని అడిగావుగా, కాఫీ పెట్టుకుని కూర్చో, చెప్తాను.

రిజిస్టరు చూస్తే మా ఎనిమిదో తరగతి బంగారం. దాదాపు అన్నీ ఏ, బి గ్రేడులే. వేసింది నేనే కాబట్టి వాటి సంగతి నాకు తెలుసులే! మొన్న బోర్డు మీద 612ని 6తో భాగించమన్నాను. మిరపతోట వాళ్ల అబ్బాయి లేచొచ్చి 12 అని వేశాడు. ఆరొకట్ల ఆరు, తర్వాత ఒకటి దించాడు, అది చాలదని రెండు కూడా దించేశాడు. మధ్యలో పెట్టాల్సిన సున్నా ఎగిరిపోయింది. "612 రూపాయలు ఆరుగురు పంచుకుంటే మనిషికెంతరా?" అన్నాను. తడుముకోకుండా "నూట రెండు సార్" అన్నాడు. బోర్డు వైపు చూశాడు, నా వైపు చూశాడు. "మరి ఇక్కడ ఇలా వచ్చిందేంటి సార్?" అని నన్నే అడిగాడు!

వీడొక్కడే కాదు. పల్లెటూరి పిల్లల చదువు ఎలా ఉందో చూసే అసర్ 2024 సర్వే ప్రకారం దేశంలోని పల్లెల్లో ఎనిమిదో తరగతి పిల్లల్లో ఇలాంటి భాగహారం చేయగలిగింది 45.8 శాతమే. మనమేమో వాళ్లకి బీజగణితం చెప్తున్నాం. అందుకే రోజూ మొదటి ఇరవై నిమిషాలు పుస్తకం మూయించేస్తున్నాను. "సిలబస్ ఎప్పుడవుతుందయ్యా?" అని హెడ్మాస్టరుగారు టెన్షన్ పడుతున్నారు. ఆయన్నీ తప్పుపట్టలేను, పైనుంచి అడిగేది ఆయన్నే కదా.

సాయంత్రం నలుగురు పిల్లలు ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్షకి చదువుకోడానికి ఆగుతున్నారు. స్కాలర్‌షిప్ వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు. ఒకమ్మాయి నాకంటే ముందే జవాబు చెప్పేస్తుంది. పాపం వాళ్ల నాన్న కూలి మానుకుని మరీ ఆదాయం సర్టిఫికెట్ కోసం తిరుగుతున్నాడు.

సంక్రాంతికి వస్తున్నావుగా, పిల్లలు ఆడుకునే ఉత్తుత్తి నోట్లు తీసుకురారా. వందలు, పదులు, రూపాయలు. ఆరు వందలు, ఒక పది, రెండు రూపాయలు బల్ల మీద పెట్టి ఆరుగురికి పంచమంటాను. ఆ ఒక్క పది నోటు దగ్గర వాడేం చేస్తాడో చూడాలి.

అమ్మని అడిగానని చెప్పు.

నీ
రాంబాబు