మొక్కల పండగ వద్దు, మడి ఇప్పించండి: పురపాలక శాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నగరాల్లో మొక్కలు నాటే కార్యక్రమాలకు కొదవ లేదు. ఫొటోలు దిగాక ఆ మొక్కకు నీళ్లు పోసేవాళ్లకే కొదవ. చెత్త పేరుకుపోయిన ఖాళీ స్థలాలను చుట్టుపక్కలవాళ్లే మడులుగా పంచుకుని సాగు చేసుకునే వీలు కల్పించమని ఈ లేఖ.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 541 ఖాళీ స్థలాలను తీసుకుని చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. కొన్నిచోట్ల గడ్డి, చెట్లు పెంచారు, కొన్నిచోట్ల చెత్త మాత్రం ఎత్తేశారు, మిగతావి అలాగే వదిలేశారు. వదిలేసిన చోట్లతో పోలిస్తే, పచ్చదనం వచ్చిన చోట దిగులుగా ఉందనేవాళ్లు 40 శాతానికి పైగా తగ్గారు. చెత్త ఎత్తినంత మాత్రాన చెప్పుకోదగ్గ మార్పేమీ రాలేదు. అది పచ్చదనం కంటికి కనిపించినంత మాత్రాన కలిగిన ఫలితం. ఇక స్వయంగా సాగు చేస్తే ఏమవుతుందో చూడడానికి అమెరికాలోనే డెన్వర్‌లో 291 మందిని తీసుకుని, ఎవరికి మడి దక్కాలో లాటరీలా తేల్చారు. మడి దక్కినవాళ్లు పీచు పదార్థం ఎక్కువ తిన్నారు, ఒళ్లు ఎక్కువ కదిల్చారు. వాళ్లలో ఒత్తిడి, ఆందోళన కూడా తగ్గాయి.

ఇక ఇరుగుపొరుగు సంగతి. మనుషుల్ని సమావేశాలు కలపవు, తోటలో ఒక్కటే ఉన్న కుళాయి కలుపుతుంది. వంతు కోసం నిలబడాలి, ఊరెళ్తే మడి ఎవరికైనా అప్పగించాలి, మిగిలిన నారు ఎవరికో ఇవ్వాలి. తగువులూ వస్తాయి. నీ పందిరి నీడ నా మడి మీద పడుతోందని ఒకరు, పైపు చుట్టిపెట్టలేదని ఇంకొకరు. లిఫ్టులో ఫోను చూసుకుంటూ నిలబడేవాళ్లకి ఆ తగువు కూడా లాభమే అంటాను నేను.

అయితే రేపు ఖాళీ చేయమంటారేమోనన్న భయముంటే ఎవరూ మట్టి బాగుచేసుకోరు. బీడు స్థలాల్లో జనం పెంచుకున్న తోటలను వందకు పైగా 1999లో న్యూయార్క్ నగరం వేలానికి పెట్టింది. స్వచ్ఛంద సంస్థలు కొనబట్టి అవి మిగిలాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1908 నాటి చట్టం ప్రకారం ఆరుగురు స్థానికులు సాగుకు మడులు అడిగితే స్థానిక సంస్థ ఆ విన్నపాన్ని పరిశీలించి తీరాలి. 1925 చట్టమైతే, ఇలాంటి సాగు కోసం సేకరించిన భూమిని మంత్రి అనుమతి లేకుండా అమ్మకూడదంది.

అందుకే కనీసం ఐదేళ్ల గడువుతో రాతపూర్వక ఒప్పందం ఇప్పించండి. మీటరున్న కుళాయి కావాలి. విత్తనం వేసే ముందు మట్టిలో సీసం ఉందేమో పరీక్ష చేయించాలి, ముఖ్యంగా పాత కట్టడాలు కూల్చిన చోట. వంగలేనివాళ్లకు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకు అందేలా కొన్ని మడులు ఎత్తుగా కట్టించాలి. నలుగురు పెద్దమనుషులు గేటుకు తాళం వేసుకుని సొంతం చేసుకోకుండా, మడుల కోసం ఎదురుచూసేవాళ్ల జాబితా అందరికీ కనిపించేలా పెట్టించండి.

ఖర్చు లెక్కలు తర్వాత చూడొచ్చు. ముందుగా పురపాలక సంస్థల చేతిలో ఖాళీగా ఉన్న స్థలాలెన్నో, ఎక్కడున్నాయో వార్డులవారీగా బయటపెట్టమని ఆదేశించండి. అడిగేవాళ్లం మేమే వస్తాం.

ఇట్లు,
ఒక పౌరుడు