డబ్బు సరే, ఆ సైటు మాటేమిటి?

సంపాదకుడు గారికి,

ట్రాఫిక్ చలానా కట్టమంటూ ఫోన్లకు వచ్చే దొంగ లింకులకు డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమంటున్నారు. మంచిదే. కానీ ఆ ఫిర్యాదు డబ్బు వెంట పోతుంది. కావలిలో ఒకరిని ముంచిన సైటు కందుకూరులో ఇంకొకరి కోసం తెరిచే ఉంటుంది.

కేంద్రం నడిపే అసలు ఈ-చలానా సైటు పేరు ‘పరివాహన్ డాట్ గవ్ డాట్ ఇన్’ (parivahan.gov.in)తో ముగుస్తుంది. మొదటి ఒంటి స్లాష్ దగ్గర ఆగి, అక్కణ్ణించి వెనక్కి చదవాలి. ‘గవ్ డాట్ ఇన్’ తర్వాత ఇంకో పేరూ, ‘డాట్ టాప్’ లాంటి తోకా ఉంటే సైటు ఆ తోక కొన్నవాడిది. తాళం గుర్తును నమ్మకండి, ఆ సర్టిఫికెట్టు దొంగకూ ఉచితంగానే వస్తుంది.

ఆ పేరు అమ్మిన సంస్థే రిజిస్ట్రార్. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ (ICANN). దాని ‘లుకప్ డాట్ ఐకాన్ డాట్ ఆర్గ్’ (lookup.icann.org)లో పేరు కొడితే రిజిస్ట్రార్ ఎవరో, ఫిర్యాదు ఏ మెయిలుకు పంపాలో కనిపిస్తుంది. ఫిషింగ్ (దొంగ సైటుతో వివరాలు లాగడం), మాల్‌వేర్ (హానిచేసే ప్రోగ్రాం)లకు తగిన ఆధారం చూపితే రిజిస్ట్రార్ వెంటనే అడ్డుకోవాలని 2024 ఏప్రిల్ 5 నుంచి రిజిస్ట్రార్లతో ఐకాన్ చేసుకునే ఒప్పందంలోనే ఉంది. కదలకపోతే ఐకాన్‌కే రాయొచ్చు. డాట్ ఇన్ పేర్లు మాత్రం ఈ ఒప్పందం కిందికి రావు, వాటిని చూసేది మన దేశపు సంస్థ నిక్సీ (NIXI).

ఫిర్యాదు బుట్టదాఖలయ్యేది ఎక్కువగా ఆధారం దగ్గరే. ‘ఇది ఫేక్, తీసేయండి’ అంటే ఎవరూ తీయరు. ఉత్త పేరు చాలదు, స్లాష్ తర్వాతి అక్షరాలతో సహా మొత్తం లింకు ఇవ్వాలి. చిరునామా కనిపించే స్క్రీన్‌షాట్, వచ్చిన మెసేజి, తేదీ, సమయం జతచేయాలి. చాలా దొంగ పేజీలు మొబైల్లోనే తెరుచుకుంటాయి, కంప్యూటర్లో తెల్ల కాగితమే. ఆ ముక్క రాయకపోతే అవతలివాడు కంప్యూటర్లో చూసి, ఏమీ లేదని ఫైలు మూసేస్తాడు. లింకును పరీక్షించడానికి మీ ఫోన్లో మాత్రం మళ్ళీ తెరవకండి.

ఒక్కోసారి ఏ కాలేజీ సైటునో హ్యాక్ చేసి, లోపల దొంగ పేజీ పెడతారు. అప్పుడు పేరు ఆపిస్తే కాలేజీ సైటూ పోతుంది. కాలేజీకీ, ఆ సైటును తన సర్వర్లలో ఉంచే హోస్టింగ్ కంపెనీకీ రాయడమే దారి.

ఇదంతా డబ్బు పోగొట్టుకున్న మనిషి చేయగలిగిన పని కాదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల సైబర్ పోలీసులు ఫిర్యాదు అందిన రోజే రిజిస్ట్రార్‌కు మెయిలు పంపాలి. స్టేషన్లో రాయించుకునే కాగితంలో బ్యాంకు ఖాతా నంబరు పక్కనే పూర్తి లింకుకూ ఒక గడి పెట్టించాలి.

– ఒక నెట్‌వర్క్ ఇంజినీరు, కావలి, నెల్లూరు జిల్లా