కాళిందికి సెల్‌ఫోన్ ఇస్తే సరిపోదు

సంపాదకుడి గారికి,

పాత విషాద నాటకాల్ని ఈ కాలానికి మార్చి సినిమా తీయడం వాటిని పాడుచేయడమేనని పోయిన వారం మీ పేజీలో ఒక పాఠకుడు రాశారు. నేను ఒప్పుకోను.

పాత కథకే ప్యాంటూ చొక్కా తొడిగి వదిలేస్తే ఆయన కోపం న్యాయమే. కానీ షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ నాటకాన్ని మార్చి విశాల్ భరద్వాజ్ తీసిన హిందీ సినిమా ‘హైదర్’ (2014) చూడండి. ‘హామ్లెట్’లో చనిపోయిన తండ్రి దయ్యమై వచ్చి తనని చంపిందెవరో కొడుక్కి చెబుతాడు. ఇక్కడ కథ 1995 నాటి కశ్మీర్‌లో జరుగుతుంది, తండ్రి డాక్టరు, ఒక మిలిటెంటుకి ఆపరేషన్ చేశాడని సైన్యం పట్టుకెళ్తుంది, ఆ తర్వాత ఉన్నాడో పోయాడో తెలియదు. అలా భర్త మాయమైన ఆడవాళ్లని అక్కడ సగం విధవలంటారు, హైదర్ తల్లీ అంతే. దయ్యం చెప్పాల్సిన మాటని ఆ తండ్రితో పాటు నిర్బంధంలో ఉండి బయటపడిన రూహ్‌దార్ మోసుకొస్తాడు. ఇది పాడుచేయడం ఎలా అవుతుంది? నాకైతే మూలం ఇంకా బాగా అర్థమైంది.

మనకి కట్నం మీద కాళ్లకూరి నారాయణరావు గారు రాసిన ‘వరవిక్రయం’ నాటకం ఉంది. 1939లో సి. పుల్లయ్య గారు సినిమా తీశారు, అందులో కాళింది వేషమే భానుమతి గారి తొలి వేషం. చివరికి చెల్లెలు కమల గెలుస్తుంది, నిజమే, కానీ కట్నం కోసం తండ్రి ఆస్తి అమ్ముకుంటుంటే చూడలేక ప్రాణం తీసుకున్న కాళింది కథ పూర్తిగా విషాదమే.

ఇప్పుడు తీస్తే ఆ పిల్ల బీటెక్ చదివి ఉద్యోగం చేస్తుంటుంది. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది. వద్దని లేచి వచ్చేయొచ్చు కదా అని చూసేవాళ్లు అడుగుతారు, దానికి జవాబు వెతకడమే రచయిత అసలు పని. మా బంధువుల పెళ్లిలో కట్నం అనే మాటే ఎవరూ ఎత్తలేదు, “మీ అమ్మాయికి మీరు పెట్టుకునేదే కదా” అన్నారంతే మగపెళ్లివాళ్లు, పిల్ల తండ్రి రెండెకరాలు అమ్మి ఫ్లాటు కొనిచ్చాడు. ఆ అమ్మాయి జీతం అప్పటికే పెళ్లికొడుకు జీతం కంటే ఎక్కువ, అయినా నోరు మెదపలేకపోయింది. ఎందుకు మెదపలేకపోయిందో ఒక సినిమా చూపించాలని నా కోరిక.

అలాంటిది ఎవరైనా తీస్తే, మూలాన్ని ఎంత మార్చారని లెక్కపెట్టకుండా, ఈ కాలపు కాళింది ఎందుకు బయటపడలేకపోయిందో నమ్మించారా లేదా అన్నది మీ సమీక్షకుల్ని రాయమనండి.

— ఒక పాఠకురాలు, తెనాలి