హోం శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ: జరిమానా రాయండి, పరువు తీయకండి

గౌరవనీయులైన రాష్ట్ర హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారాలతో రాయునది. ట్రాఫిక్ నిబంధనల విషయంలో పోలీసులు చూసీ చూడనట్టు పోవాలని కోరుతూ రాస్తున్న లేఖ కాదిది. తాగి బండి నడిపేవారిని, రాంగ్ రూట్‌లో ఎదురొచ్చేవారిని, హెల్మెట్‌ను ట్యాంకు మీద పెట్టుకుని తిరిగేవారిని ఆపాల్సిందే, జరిమానా వేయాల్సిందే. రోడ్డు ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న ఏ కుటుంబమూ ఇందుకు అభ్యంతరం చెప్పదు. నా ఫిర్యాదు వేరే. బండి ఆపిన పోలీసు అధికారి నోటికి అదుపు లేకపోవడం, అదుపు తప్పినప్పుడు ఇదేమిటని అడిగే దిక్కు వాహనదారుకు లేకపోవడం నన్ను ఈ లేఖ రాసేలా చేశాయి.

ఇటీవల ఒక సాయంత్రం వాహనాల తనిఖీలో నన్నూ ఆపారు. నా ముందున్న స్కూటర్ మీద అరవై దాటిన ఒక పెద్దమనిషి, వెనక ఆయన కూతురు ఉన్నారు. ఆయన హెల్మెట్ పెట్టుకున్నారు, ఆమె పెట్టుకోలేదు. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం వెనక కూర్చున్నవారికీ హెల్మెట్ తప్పనిసరి కాబట్టి అది తప్పే. అయితే బండి పూర్తిగా ఆగకముందే ఒక కానిస్టేబుల్ చెయ్యి చాచి తాళం లాగేశారు. స్కూటర్ ఒక పక్కకు ఒరిగిపోతుంటే ఆమె కాలు ఆనించి ఎలాగో నిలదొక్కుకున్నారు. పెద్దాయన కంగారుగా ఫోన్ తీసి, పత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో లైసెన్సు తెరిచి చూపించబోయారు. అక్కడ బాధ్యుడుగా ఉన్న అధికారి, వయసులో ఆయన కొడుకులాంటివారు, ఆ ఫోన్ వంక కూడా చూడకుండా, "ఏరా, ఫోన్లో సినిమా చూపిస్తున్నావా? కాయితాలు తియ్. రోడ్డేమన్నా నీ అబ్బ సొత్తనుకున్నావా?" అన్నారు. ఆగి చూస్తున్న పదిమందీ విన్నారు. ఆ పెద్దాయన గొంతు పెంచలేదు. "ఫైన్ రాయండి సార్, కట్టేస్తాను. పిల్ల ముందు ఆ మాటలొద్దు" అని మాత్రం అన్నారు. దానికి వచ్చిన జవాబు, "నాకే నీతులు చెప్తావా? స్టేషన్‌కు పద, అక్కడ చెప్తా."

నేను కల్పించుకుని, పెద్దవారితో కాస్త మర్యాదగా మాట్లాడమని అడిగితే, విధులకు ఆటంకం కలిగిస్తున్నానని కేసు రాస్తానన్నారు. ఆయన పేరేమిటో చూద్దామంటే ఛాతీ మీది నేమ్ ప్లేటును పూర్తిగా కప్పేస్తూ రిఫ్లెక్టివ్ జాకెట్ ఉంది. అడిగినా చెప్పలేదు. చివరికి హెల్మెట్ లేనందుకు చలానా రాసి తాళం ఇచ్చేశారు. ఆ చలానా న్యాయమైనదే, పెద్దాయన కూడా కాదనలేదు. దానికి ముందు జరిగినదానికి మాత్రం ఏ చట్టంలోనూ చోటు లేదు.

ఒక్కొక్కటిగా చూడండి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 130వ సెక్షన్ ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి అడిగితే లైసెన్సు చూపించడం డ్రైవరు విధి. ఆ పత్రాలను కాగితం రూపంలోనైనా ఎలక్ట్రానిక్ రూపంలోనైనా చూపవచ్చని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 139వ నిబంధనను 2018 నవంబరులోనే సవరించారు. అంటే ఆ పెద్దాయన ఫోన్‌లో చూపించబోయినది చట్టం ఒప్పుకున్న లైసెన్సే, దాన్ని చూడననే హక్కు ఆ అధికారికి లేదు. లైసెన్సు స్వాధీనం చేసుకోవాల్సిన సందర్భం వస్తే 206వ సెక్షన్ కింద తాత్కాలిక రసీదు ఇవ్వాలి. రిజిస్ట్రేషన్, లైసెన్సు, పర్మిట్ వంటివి లేకుండా నడుపుతున్నారని నమ్మడానికి కారణం ఉంటే 207వ సెక్షన్ కింద వాహనాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. ఇంత వివరంగా అధికారాలు రాసిన చట్టంలో, ఇంకా కదులుతున్న బండి నుంచి తాళం లాగేయమని ఏ సెక్షనూ చెప్పదు. పైగా అది ప్రమాదకరం. ప్రమాదాలు ఆపడానికి పెట్టిన తనిఖీలోనే మనిషి కింద పడి చెయ్యి విరిగితే ఆ తనిఖీకి అర్థమేముంటుంది?

ఇక మాటల సంగతి. పోలీసులు ఎల్లప్పుడూ మర్యాదగా, సత్ప్రవర్తనతో ఉండాలన్నది నాలాంటి సామాన్యుడి కోరిక మాత్రమే కాదు. 1960లో రాష్ట్రాల పోలీసు ఇన్‌స్పెక్టర్ జనరళ్ల సదస్సు ఆమోదించిన ప్రవర్తనా నియమావళిలో ఆ సంగతి రాసి ఉంది. కేంద్ర హోం శాఖ 1985లో దాన్ని అన్ని రాష్ట్రాలకూ పంపింది. పోలీసులు తమ అధికారాల పరిమితిని గుర్తెరిగి మెలగాలని, న్యాయస్థానాల పనిని తమ చేతుల్లోకి తీసుకోరాదని అదే నియమావళి చెబుతోంది. నడిరోడ్డు మీద, కన్నకూతురి ముందు ఒక మనిషిని తిట్టడమంటే శిక్ష వేయడమే. విచారణ లేదు, అప్పీలు లేదు, రసీదు అసలే లేదు. హెల్మెట్ లేని తప్పుకు శాసనసభో పార్లమెంటో నిర్ణయించిన జరిమానా ఒకటి ఉన్నప్పుడు, దాని మీద ఈ అదనపు శిక్ష ఎవరు విధించమన్నారు?

ఇతర రాష్ట్రాల్లో ఈ విషయాన్ని చిన్నదిగా చూడలేదు. పౌరులను చిన్నచూపు చూసే సంబోధనలను పోలీసులు మానుకోవాలని కేరళ హైకోర్టు 2021లో ఆదేశిస్తే, ఆ రాష్ట్ర పోలీసు అధిపతి వెంటనే సిబ్బందికి సర్క్యులర్ పంపారు. తమిళనాడులో ఫిర్యాదు చేయడానికి స్టేషన్‌కు వెళ్లిన వ్యక్తి తల్లితో ఒక ఇన్‌స్పెక్టర్ అసభ్యంగా మాట్లాడితే, అక్కడి మానవ హక్కుల కమిషన్ 2 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. 2025లో సుప్రీంకోర్టు కూడా ఆ ఉత్తర్వును సమర్థించింది. నోటి దురుసు మానవ హక్కుల ఉల్లంఘన అవుతుందని దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి తేలిన తర్వాత కూడా, మన దగ్గర దాన్ని పోలీసుల సహజ స్వభావంగా, సర్దుకుపోవాల్సిన విషయంగా చూడటం నాకు బాధ కలిగిస్తోంది.

మంత్రి గారూ, నన్ను మరింత కలచివేసిన సంగతి ఒకటి చెప్పాలి. అదే తనిఖీలో, అదే అధికారి, నల్ల అద్దాలున్న ఒక పెద్ద కారును ఆపి, లోపలున్నవారు ఏదో చెప్పగానే "సరే సార్, వెళ్లండి సార్" అని బారికేడ్ పక్కకు జరిపించారు. అంటే మర్యాద ఆయనకు తెలియక కాదు. ఎవరితో మర్యాదగా ఉండాలో, ఎవరితో అక్కర్లేదో ఆయన లెక్క ఆయనకు ఉంది. వాడిన బండి, కట్టుకున్న బట్ట, మాట్లాడే తీరు చూసి వేసే లెక్క అది. ఆటో నడిపేవారిని, పాల క్యాన్లు కట్టుకుని వెళ్లేవారిని, పార్సిళ్లు చేరవేసే కుర్రాళ్లను అడిగి చూడండి. వారిలో చాలామందికి "మీరు" అని పిలిచిన పోలీసు గుర్తుండరు. రోజంతా రోడ్డు మీదే బతుకుతారు కాబట్టి వారు ఎదురు మాట్లాడరు, ఎదురు మాట్లాడితే రేపు అదే కూడలిలో మళ్లీ ఆపుతారన్న భయం వారికి ఉంటుంది. నేను ఈ లేఖ రాయగలుగుతున్నానంటే ఆ భయం నాకు కొంచెం తక్కువ కావడం వల్లనే.

పోలీసుల కష్టం నాకు తెలియదని దయచేసి అనుకోవద్దు. ఎండలో, పొగలో గంటల తరబడి నిలబడటం, పండగపూట ఇంటికి వెళ్లలేకపోవడం, "నేనెవరో తెలుసా" అని బెదిరించేవారిని రోజూ భరించడం, ఆపబోతే మీదికే బండి పోనిచ్చేవారిని ఎదుర్కోవడం ఎంత కష్టమో ఎవరైనా ఊహించగలరు. చక్కగా మాట్లాడి, తప్పు చెప్పి, చలానా రాసి పంపించే సిబ్బందిని కూడా నేను చూశాను. వారి ముందు తప్పు చేసినవాడు తలవంచుకుని డబ్బు కట్టి వెళతాడు, ఆ తర్వాత హెల్మెట్ పెట్టుకుంటాడు కూడా. తిట్లు తిన్నవాడు మాత్రం తన తప్పును మరిచి తిట్టునే గుర్తుపెట్టుకుంటాడు. అలసటకు విశ్రాంతి ఇవ్వాలి, సిబ్బంది కొరతకు నియామకాలు జరపాలి. ఆ రెండూ ప్రభుత్వం చేతిలో ఉన్నవే. వాటి భారాన్ని స్కూటర్ మీద వెళ్లే ముసలాయన మీద దించడం ఏ రకంగానూ సబబు కాదు.

ఫిర్యాదు చేయవచ్చు కదా అని మీ శాఖవారు అనవచ్చు. ఎవరి మీద చేయాలి? పేరు తెలియదు, నంబరు కనిపించలేదు. స్టేషన్‌కు వెళ్తే, ఆ అధికారి సహచరులే ఆ ఫిర్యాదు తీసుకోవాలి. పై అధికారికి రాస్తే, చాలాసార్లు ఆ కాగితం విచారణ కోసం తిరిగి అదే స్టేషన్‌కు వస్తుంది. పోలీసు సంస్కరణలు కోరుతూ వేసిన ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు రాష్ట్ర స్థాయిలోనూ జిల్లా స్థాయిలోనూ పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలను ఏర్పాటు చేయాలని, డీఎస్పీ హోదా వరకు ఉన్న అధికారులపై ఫిర్యాదులను రిటైర్డ్ జిల్లా జడ్జి నేతృత్వంలోని జిల్లా సంస్థ చూడాలని ఆదేశించింది. ఆ సంస్థ కార్యాలయం ఎక్కడుందో, ఏ ఫారం నింపాలో ఒక్క చెక్‌పోస్టు దగ్గరైనా, ఒక్క చలానా కాగితం మీదైనా రాసి ఉందేమో మీరే కనుక్కోండి. తప్పు చేసిన వాహనదారు ఎక్కడ డబ్బు కట్టాలో చలానా మీద స్పష్టంగా ఉంటుంది. తప్పు చేసిన అధికారి గురించి ఎక్కడ చెప్పుకోవాలో కూడా అదే కాగితం మీద ఉండాలి.

ఇందుకు కావలసిన నిబంధనలు చాలావరకు ఇప్పటికే ఉన్నాయి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, పత్రాలు తనిఖీ చేసిన తేదీ, సమయంతో పాటు తనిఖీ చేసిన అధికారి గుర్తింపు కూడా ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు కావాలి. ఒకే బండిని పదే పదే ఆపి వేధించకుండా ఉండటం దాని ఉద్దేశం. 2021 ఆగస్టులో అవే నిబంధనల్లో చేర్చిన 167ఏ ఒంటికి తగిలించుకునే కెమెరాలను కూడా ట్రాఫిక్ అమలు పరికరాల్లో లెక్కించింది. ఠాణాల విషయంలో సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2నాటి తీర్పులో సీసీ కెమెరాలు తప్పనిసరి చేసి, ఫుటేజీని ఏడాదికి తగ్గకుండా దాచాలంది. నాలుగు గోడల మధ్య ఉన్న ఆ రక్షణ రోడ్డు మీది తనిఖీకి ఎందుకు ఉండకూడదు? కెమెరా ఉంటే నాలాంటివారి ఆరోపణ నిజమో కాదో తేలుతుంది, పోలీసు మీద అబద్ధపు ఫిర్యాదు చేసేవాడి సంగతీ తేలుతుంది. నిజాయితీగా పనిచేసే సిబ్బందికే దానివల్ల ఎక్కువ మేలు.

అందుచేత నా విన్నపం ఇది. తనిఖీలో పాల్గొనే ప్రతి ఒక్కరి పేరు, హోదా జాకెట్ పైన కూడా కనిపించేలా ముద్రించాలి. బాధ్యత వహించే అధికారి కెమెరా ఆన్ చేయకుండా తనిఖీ మొదలుపెట్టకూడదు. తాళాలు లాక్కోవడాన్ని, ఏకవచన సంబోధనను స్పష్టంగా నిషేధిస్తూ డీజీపీ ద్వారా రాతపూర్వక ఉత్తర్వు ఇప్పించి, దాన్ని ప్రజలకు కూడా అందుబాటులో ఉంచాలి. పోలీసు చర్యను ప్రజలు చట్టబద్ధంగా వీడియో తీస్తే అడ్డుకోరాదని 2011 నాటి కేరళ పోలీసు చట్టం 33వ సెక్షన్‌లో ఉన్న మాటను మన రాష్ట్రంలోనూ చట్టంగా తేవాలి. అన్నిటికన్నా ముందు, ప్రవర్తనపై వచ్చే ఫిర్యాదును ఆ స్టేషన్‌తో సంబంధం లేని అధికారి విచారించి, 30 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు జవాబు రాసేలా చూడాలి.

నేను చూసిన సంఘటన తేదీ, సమయం, స్థలం, బండి ఆపిన చోటు వివరాలతో వేరుగా ఒక ఫిర్యాదును మీ కార్యాలయానికి పంపుతున్నాను. ఆ అధికారిని సస్పెండ్ చేయాలని నేను కోరడం లేదు. విచారణలో నేను చెప్పింది నిజమని తేలితే, ఆ పెద్దాయనను పిలిపించి, ఆయన కూతురి ఎదుట ఆ అధికారి చేత క్షమాపణ చెప్పించండి. ఆ చలానా నంబరు మీ శాఖ రికార్డులో ఉంటుంది కాబట్టి వారిని వెతకడం కష్టమేమీ కాదు. విచారణకు నన్ను ఎప్పుడు పిలిచినా వచ్చి, కళ్లారా చూసింది చూసినట్టు సాక్ష్యం చెబుతాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక వాహనదారు